కండబలమును కొవ్వుమాత్రయు

సామర్లకోట భీమేశ్వరస్వామి లింగము 14 అడుగుల యెత్తు. క్రింద పాదమును, మేడపై శిరస్సును దర్శింపవలెను. ఆ మెట్లెక్కుచు నొక మిత్రుడు నడుమ నిలిచి, “పంతులుగారూ, కొవ్వుకు మాత్ర వేసుకుంటున్న కాణ్ణుంచి పిక్కలు పట్టేస్తున్నాయండీ. మానెయ్యమంటారా?” అని యడిగెను. సమాధానము వెదకబోగా చరిత్ర నన్ను మరల మన గోదావరి సీమకే తెచ్చినది.

కండకు బలమెక్కడిది? పిండిపదార్థము లాక్టిక్ ఆమ్లముగా మారుటయే దానికి మూలమని ఒకప్పుడు శాస్త్రజ్ఞులు తలచిరి. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివి, అనపర్తికి అల్లుడైన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఈ తలంపును కదలించిరి. మామగారి తోడ్పాటును, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయమును పొంది 1923లో ఆయన బోస్టను చేరిరి. మెట్రిక్యులేషనులో రెండుమార్లు తప్పినవాడు! పిల్లలను మార్కులతో తూచిన మావంటి వారు ఇది మరువరాదు. హార్వర్డులో ఫిస్కెతో కూడి భాస్వరమును నీలవర్ణముతో కొలచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ పద్ధతియే 1927లో కండలందలి ఫాస్ఫోక్రియాటిన్‌ను బయటపెట్టినది. కండ పనిచేయగా అది తరుగును, విశ్రమింపగా మరల నిండును. 1929లో ఏ.టి.పి.ని సైతము వేరుచేసిరి.

ఏ.టి.పి. చేతిలోని చిల్లర, ఫాస్ఫోక్రియాటిన్ రొంటినున్న రూపాయి, కొవ్వును పిండిపదార్థమును గాదెలోని ధాన్యము. ఆ ధాన్యమును దంచి సొమ్ముచేయు పని కణములలోని మైటోకాండ్రియాలది. దూరము నడచువాని దమ్ము ఆ దంపుడుమీదనే యాధారపడును.

ఇక మాత్ర సంగతి. జపానులో అకీరా ఎండో 1973లో బియ్యముపై పెరిగిన బూజునుండి, కొలెస్టరాలు తయారీని అడ్డగించు పదార్థమును కనుగొనెను. స్టాటిన్ మందులకు అదియే ఆది. అమెరికాలో 1987లో లోవాస్టాటిన్‌కు అనుమతి లభించెను. కొలెస్టరాలు పుట్టు మార్గముననే మైటోకాండ్రియాలకు వలయు యుబిక్వినోన్ కూడ పుట్టును. మాత్ర వలన రక్తమున అదియు తగ్గును. నొప్పికి అదియే హేతువని మాత్రము నిరూపణము కాలేదు.

2013లో అమెరికాలో 37 మంది స్థూలకాయులచే 12 వారములు వ్యాయామము చేయించిరి. వట్టి వ్యాయామము చేసినవారి ప్రాణవాయు వినియోగశక్తి నూటికి 10 వంతులు పెరుగగా, సిమ్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు కూడ మ్రింగినవారికి 1.5 మాత్రమే పెరిగెను. కాబట్టి మిత్రుని మాట కల్ల కాదు. కాని 37 మంది చిన్న గుంపు. 2020లో ఇంగ్లండున, బాధలవలన మాత్ర మానిన 60 మందికి కొన్ని మాసములు మందును, కొన్ని మాసములు మందులేని మాత్రను ఇచ్చిరి. మందు మాసములందలి బాధలో పదింట తొమ్మిది వంతులు వట్టి మాత్రకును కలిగెను! గుండెపోటును, పక్షవాతమును ఈ మందు తగ్గించునన్నది మాత్రము వేలాదిమందిపై తేలిన సంగతి.

తనంతట మానవద్దనియు, మూత్రము నల్లబడినచో ఆ క్షణమే వైద్యుని చూడవలెననియు మిత్రునకు చెప్పితిని. వైద్యుడు క్రియాటిన్ కైనేజ్ పరీక్ష వ్రాసెను. సుబ్బారావుగారు కనుగొన్న ఆ రొంటి రూపాయిని చిల్లరగా మార్చు ఎంజైమే అది. ఫలితము సరిగానుండుటచే మాత్రను మార్చి, మోతాదు తగ్గించెను. మిత్రుడిప్పుడు మేడ మెట్లు నడుమ నొకమారు నిలిచి యెక్కుచున్నాడు.