ఊహించని పతకం, ఎదురుచూడని ప్రేక్షకుడు

క్రీడాచరిత్రలో అనూహ్య ఫలితాల పట్టికలకు కొదవ లేదు. ఆ ఫలితాలను చూసినవారి స్పందనకు చరిత్ర రాసినవారే తక్కువ. ఫలితం క్షణంలో తేలిపోతుంది. దాన్ని నమ్మలేకపోవడం, తప్పుపట్టడం, పండుగ చేసుకోవడం, మరచిపోవడం మాత్రం ఏళ్ళ తరబడి సాగుతాయి. ఒక ఆట బ్రతికి బట్టకడుతుందా, కనుమరుగవుతుందా అన్నది కొన్నిసార్లు ఈ స్పందన మీదే ఆధారపడుతుంది. 2010లో జరిగిన రెండు పురుషుల స్కేటింగ్ పోటీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. ఒకటి ఫిబ్రవరిలో వాంకూవర్‌లో మంచు మీద జరిగింది. రెండవది నవంబరులో గ్వాంగ్‌జౌలో చక్రాల మీద జరిగింది. మొదటి పోటీ ఫలితంపై ఒక దేశ ప్రధానమంత్రి సైతం నోరు విప్పాడు. రెండవ పోటీలో పతకం గెలిచినవాడు హైదరాబాదు యువకుడు. అతని గురించి మనవాళ్ళే పెద్దగా మాట్లాడుకోలేదు.

ఈ రెంటినీ కలిపి ఆలోచించడానికి అబ్బాసియా తగిన చోటు. కువైట్‌లోని ఫర్వానియా గవర్నరేట్‌లో, జలీబ్ అల్ షుయూఖ్ ప్రాంతానికి భారతీయులు వాడుకగా పిలుచుకునే పేరు ఇది. కడప, అన్నమయ్య, చిత్తూరు, గోదావరి జిల్లాల నుండి వచ్చిన తెలుగువారికి కువైట్ అంటే ముందుగా గుర్తుకొచ్చే పేర్లలో ఇదొకటి. సినిమా, క్రికెట్ విషయాల్లో ఇక్కడి అభిమానానికి ఎవరూ వంక పెట్టలేరు. ఇంకొక విశేషం కూడా ఉంది. ఆసియా క్రీడల్లో ఏ ఆట ఉండాలో, ఏది పోవాలో తేల్చే ఆసియా ఒలింపిక్ మండలి ప్రధాన కార్యాలయం ఉన్నది ఈ కువైట్‌లోనే.

వాంకూవర్: కేకలు వేసినవారు గెలిచారు

2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో అంతకుముందరి విజేత, రష్యాకు చెందిన యెవ్‌గెనీ ప్లుషెంకో నాలుగు చుట్ల గెంతును చేసి చూపాడు. అమెరికా ఆటగాడు ఇవాన్ లైసాచెక్ ఆ గెంతు జోలికే పోకుండా, తక్కిన అంశాలన్నింటినీ పొరపాటు లేకుండా ముగించాడు. స్వర్ణం లైసాచెక్‌కు దక్కింది. మార్కులు 257.67, 256.36. అంటే తేడా 1.31 మాత్రమే.

ఆ తేడా చుట్టూ ప్రపంచమంతా రెండు పక్షాలుగా చీలింది. అత్యంత కఠినమైన గెంతు లేని విజయం విజయమేనా అని ఒక పక్షం. ఫిగర్ స్కేటింగ్ గెంతుల పోటీ మాత్రమే కాదు, కళ కూడా అని మరొక పక్షం. నాటి రష్యా ప్రధాని వ్లదిమీర్ పుతిన్, ప్లుషెంకో వెండి పతకం బంగారంతో సమానమన్న అర్థంలో అతనికి తంతి పంపాడు. అధికారంలో ఉన్న అభిమాని స్పందన కూడా అభిమాని స్పందనే.

ఈ క్రీడలో అటువంటి కేకలకు ఫలితం ఉండడం కొత్త కాదు. 2002 సాల్ట్ లేక్ సిటీ క్రీడల్లో జంటల పోటీ తీర్పుపై చెలరేగిన దుమారమే, దశాబ్దాలుగా సాగిన ఆరు మార్కుల పద్ధతికి చరమగీతం పాడింది. 2004లో అంగీకరించిన కొత్త పద్ధతిలో ప్రతి అంశానికీ ఒక మూలవిలువ ఉంటుంది. దాన్ని ఎంత బాగా చేశారన్న దాన్ని బట్టి ఆ విలువ పెరుగుతుంది, తరుగుతుంది. వాంకూవర్ తరువాత కొద్ది నెలలకే, 2010-11 పోటీల నుండి అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య నాలుగు చుట్ల గెంతుల మూలవిలువలు పెంచింది. వాదం ఏ పక్షానికి మొగ్గిందో అక్కడ తెలిసిపోయింది. తరువాతి పదిహేనేళ్ళ పురుషుల స్కేటింగ్ చరిత్ర, ఒక విధంగా ఆ గెంతుల సంఖ్య పెరుగుతూ పోయిన చరిత్రే.

మిలాన్: లెక్క తిరగబడిన రాత్రి

ఆ చరిత్రకు శిఖరంగా నిలిచినవాడు అమెరికా యువకుడు ఇలియా మాలినిన్. అతని తల్లిదండ్రులు తత్యానా మాలినినా, రోమన్ స్కోర్న్యాకోవ్ ఒకప్పుడు ఉజ్బెకిస్తాన్ తరఫున ఒలింపిక్స్‌లో పోటీపడ్డ స్కేటర్లు. నాలుగున్నర చుట్లు తిరిగే ఆక్సెల్ గెంతును పోటీలో మొట్టమొదట నిలబెట్టినవాడు మాలినిన్. ఆ ఘనత 2022లో సాధించాడు. 2024, 2025 ప్రపంచ విజేత కూడా అతడే. రెండేళ్ళకు పైగా వ్యక్తిగత పోటీల్లో ఓటమి ఎరుగని స్థితిలో మిలాన్ చేరాడు. మొదటి అంకంలో 108.16 మార్కులతో ముందున్నాడు.

2026 ఫిబ్రవరి 13, శుక్రవారం రాత్రి రెండవ అంకం జరిగింది. మాలినిన్ చివరగా మంచు మీదికి వచ్చేసరికి కువైట్‌లో అర్ధరాత్రి దాటింది. నాలుగున్నర చుట్ల ఆక్సెల్ గాలిలోనే విచ్చిపోయి ఒకటిన్నర చుట్లకు పరిమితమైంది. మొదటిదాని మూలవిలువ 12.5, రెండవదానిది 1.1. ఆపైన అతడు రెండుసార్లు పడిపోయాడు. మొత్తం 264.49 మార్కులతో ఎనిమిదవ స్థానానికి జారాడు. మొదటి అంకం ముగిసేసరికి ఐదవ స్థానంలో ఉన్న కజకిస్తాన్ ఆటగాడు మిఖాయిల్ షైదొరోవ్ 291.58తో స్వర్ణం గెలిచాడు. జపాన్‌కు చెందిన యూమా కగియామా, షున్ సాతో రజత కాంస్యాలు అందుకున్నారు.

ఈసారి దుమారం న్యాయనిర్ణేతల మీద రేగలేదు. పడిపోవడం అందరి కళ్ళెదుటే జరిగింది గనుక తీర్పును అనుమానించే అవసరం లేకపోయింది. అభిమానుల ఆలోచన మరొక వైపు మళ్ళింది. ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రవాడి భుజాల మీద అంత అంచనా మోపింది ఎవరు? 2010లో గెంతుల విలువ పెంచమన్న కేకకు, 2026లో ఆ గెంతుల బరువు మోయలేక ఒకడు కూలిన దృశ్యానికి సంబంధం ఉంది. ఆ సంబంధాన్ని చూడగలిగినవాళ్ళు ఉన్నారు గనుకనే, ఓడిన మాలినిన్ విజేతను ఆలింగనం చేసుకున్న క్షణం ఆ రాత్రికి గుర్తుగా మిగిలింది.

కజక్ ప్రేక్షకులకు మాత్రం అది కేవలం ఆకస్మికం కాదు. 2014 సోచీలో డెనిస్ టెన్ గెలిచిన కాంస్యమే ఫిగర్ స్కేటింగ్‌లో ఆ దేశపు తొలి ఒలింపిక్ పతకం. 2018 జులైలో అల్మాటీ నడివీధిలో కారు అద్దాల దొంగలు అతణ్ణి పొడిచి చంపినప్పుడు దేశమంతా కంటతడి పెట్టింది. షైదొరోవ్ శిక్షకుడు అలెక్సీ ఉర్మనోవ్, 1994 లిల్లెహామర్ ఒలింపిక్స్‌లో పేరుమోసిన పాత విజేతలను వెనక్కి నెట్టి తానే అనూహ్యంగా స్వర్ణం గెలిచినవాడు. కజకిస్తాన్‌కు అంతకుముందున్న ఒకే ఒక్క శీతాకాల స్వర్ణం కూడా ఆ 1994 నాటిదే, మంచుపరుగు వీరుడు వ్లదిమీర్ స్మిర్నోవ్ గెలిచినది. మిలాన్‌కు సరిగ్గా ఏడాది ముందు, 2025 ఫిబ్రవరిలో హార్బిన్ ఆసియా శీతాకాల క్రీడల్లో షైదొరోవ్‌కు వచ్చింది కాంస్యం. మరుసటి నెలలో ప్రపంచ పోటీల్లో రజతం. అంటే వాళ్ళ ఆశ్చర్యానికి పునాది ఉంది, ఎదురుచూపు ఉంది. ఆసియా కాంస్యం వాళ్ళకు ఒక మెట్టు.

మైదానంలోకి దిగివచ్చిన ప్రేక్షకుడు

ఆసియా కాంస్యం మెట్టు కాకుండా పోయిన కథకు వెళ్ళేముందు, కువైట్ సొంత జ్ఞాపకం ఒకటి చెప్పుకోవాలి. 1982 జూన్ 21న స్పెయిన్‌లోని వయదోలిద్‌లో ఫ్రాన్స్‌తో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఆట. ప్రేక్షకుల్లోంచి వినవచ్చిన ఈలను రెఫరీ ఈలగా భావించి కువైట్ ఆటగాళ్ళు ఆగిపోయారు. ఫ్రాన్స్ ఆటగాడు జిరెస్ గోలు కొట్టాడు. నాటి కువైట్ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు షేక్ ఫహద్ అల్ అహ్మద్ గ్యాలరీ నుండి మైదానంలోకి దిగివచ్చాడు. వాదోపవాదాల అనంతరం రెఫరీ ఆ గోలును రద్దు చేశాడు. ఆట చివరికి ఫ్రాన్స్ 4-1తో గెలిచింది గాని, కువైట్ చరిత్రలో నిలిచిపోయింది ఓటమి కాదు, ఆ దిగిరావడమే.

అదే సంవత్సరం నవంబరులో ఢిల్లీ ఆసియా క్రీడల సందర్భంగా ఆసియా ఒలింపిక్ మండలి ఏర్పడింది. తొలి అధ్యక్షుడు షేక్ ఫహదే. 1990 ఆగస్టు 2న ఇరాక్ దండయాత్రలో ఆయన హతుడైన తరువాత, 1991 నుండి ఆయన కుమారుడు షేక్ అహ్మద్ మూడు దశాబ్దాలు ఆ పదవిలో ఉన్నాడు. ఆసియా క్రీడల జాబితా పెరగడం, తరగడం ఆ కాలంలో జరిగినవే.

గ్వాంగ్‌జౌ: ఎవరూ మేలుకోని రాత్రి

2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల జాబితా ఎన్నడూ లేనంతగా పెరిగింది. 42 క్రీడలు, 476 అంశాలు. అందులో రోలర్ క్రీడలకు మొదటిసారి చోటు దొరికింది. తొమ్మిది అంశాల్లో ఆరు వేగపు పందేలు. తక్కిన మూడు ఆర్టిస్టిక్ స్కేటింగ్‌వి: పురుషుల సింగిల్స్, మహిళల సింగిల్స్, జంటలు. మంచు మీది ఫిగర్ స్కేటింగ్‌లో ఉన్న గెంతులు, గిరికీలు, సంగీతానికి తగిన అంగవిన్యాసం ఇందులోనూ ఉంటాయి. కింద మంచుకు బదులు గట్టి నేల, పాదాలకు లోహపు అంచుకు బదులు చక్రాలు. మంచు ఎరుగని దేశాలకు ఫిగర్ స్కేటింగ్ అందే దారి ఇదే. కువైట్‌కైనా, తెలుగు నేలకైనా సహజమైన దారి కూడా ఇదే.

ఆ పోటీలో హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామ పురుషుల సింగిల్స్‌లో కాంస్యం గెలిచాడు. అవని పంచాల్‌తో కలిసి జంటల విభాగంలో మరొక కాంస్యం గెలిచాడు. ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌కు అదే ఆరంభం గనుక, భారతదేశానికి ఆ క్రీడలో అవే తొలి పతకాలు.

ఇంతటి ఫలితం ఎందుకు మోగలేదు? రోలర్ పోటీలు క్రీడల చివరి వారంలో జరిగాయి. అదే వారంలో కబడ్డీ స్వర్ణాలు, విజేందర్ సింగ్ బాక్సింగ్ స్వర్ణం దేశాన్ని ఊపేశాయి. ఇక హైదరాబాదులో, నవంబరు 24న రోశయ్య ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. 25న కిరణ్ కుమార్ రెడ్డి ప్రమాణస్వీకారం చేశారు. 29న కడప ఎంపీ జగన్‌మోహన్ రెడ్డి కాంగ్రెసును వీడారు. తెలంగాణ విషయమై శ్రీకృష్ణ కమిటీ నివేదిక కోసం జనం రోజులు లెక్కబెడుతున్నారు. కడప మూలాలున్న అబ్బాసియా గదిలో ఆ వారం ఏ ముచ్చట నడిచి ఉంటుందో ఊహించడానికి పరిశోధన అక్కరలేదు.

అయితే తప్పంతా ఆ వారానిదే అనుకుంటే పొరపాటు. ప్రశాంతమైన వారంలో గెలిచినా పెద్ద తేడా ఉండేది కాదేమో. ఆశ్చర్యపడాలంటే ముందుగా ఒక అంచనా ఉండాలి. ఎవరు ముందున్నారో, ఏ గెంతుకు ఎంత విలువో, ప్రత్యర్థి ఎవరో తెలిసినవాడికే ఫలితం అనూహ్యమవుతుంది. తెలియనివాడికి అది పత్రికలో ఒక పంక్తి మాత్రమే. వాంకూవర్‌లో 1.31 మార్కుల తేడా యుద్ధమైంది, ఎందుకంటే ఆ దశాంశాలకు అర్థం తెలిసిన జనం ఉన్నారు. గ్వాంగ్‌జౌలో మనవాడికి ఎన్ని మార్కులు వచ్చాయని అడిగినవారు లేరు.

జాబితా కుదించిన తరువాత

గ్వాంగ్‌జౌ జాబితా భారమైందన్న భావనతో, 2014 ఇంచియాన్ క్రీడలను 36 క్రీడలకు, 439 అంశాలకు కుదించారు. చదరంగం, క్యూ క్రీడలు, డ్రాగన్ పడవల పందేలు, నృత్యక్రీడతో పాటు రోలర్ క్రీడలూ పోయాయి. 2018 జకార్తాలో చక్రాలు తిరిగి వచ్చాయి గాని వేగపు పందేలకు, స్కేట్‌బోర్డింగ్‌కు మాత్రమే. 2023లో జరిగిన హాంగ్‌జౌ క్రీడల్లో భారత పురుషుల, మహిళల జట్లు 3000 మీటర్ల రిలేలో కాంస్యాలు గెలిచాయి. పురుషుల ఆర్టిస్టిక్ సింగిల్స్ మాత్రం తిరిగి రాలేదు. యామకు 2015లో అర్జున పురస్కారం లభించింది. ఆటగాడికి గుర్తింపు వచ్చింది, అతని ఆటకు వేదిక మిగల్లేదు.

ఏ ఆటను ఎందుకు తీశారన్న దానికి కారణాలు ఎన్నో ఉంటాయి: ఆతిథ్య నగరం వసతులు, పాల్గొనే దేశాల సంఖ్య, ఖర్చు. కాని జాబితా కుదించే కత్తెర ముందుగా పడేది ఎవరూ అడ్డురాని ఆట మీదే. చదరంగానికి అడిగేవారున్నారు, హాంగ్‌జౌలో అది తిరిగి వచ్చింది. కువైట్ గోలు విషయంలో ఒకడు గ్యాలరీ నుండి దిగివచ్చాడు. ప్లుషెంకోకు తంతి అందింది. ఈ ఆట కోసం గ్యాలరీలో ఎవరూ లేచి నిలబడలేదు.

అభిమానం అంటే గెలుపు తరువాత వేసే దండ అని మనం అలవాటుగా అనుకుంటాం. ఈ రెండు పోటీల చరిత్ర చెప్పేది వేరు. అభిమానం గెలుపుకు ముందే మొదలవుతుంది, నియమాలు తెలుసుకోవడంతో, పేర్లు గుర్తుంచుకోవడంతో, ఫలానా రోజు ఫలానా పోటీ ఉందని మేలుకొని ఉండడంతో. కొత్త సినిమా విడుదల తేదీని నెలల ముందుగా లెక్కబెట్టే అబ్బాసియా తెలుగువారికి ఆ విద్య నేర్పనక్కరలేదు. అది ఇంకా చేరవలసిన చోట్లు ఉన్నాయి, అంతే. హాంగ్‌జౌ క్రీడలు ముగిసేనాటికి, ఆసియా క్రీడల పురుషుల ఆర్టిస్టిక్ స్కేటింగ్ సింగిల్స్‌లో భారతదేశం గెలిచిన పతకం ఒక్కటే. అది హైదరాబాదు యువకుడు 2010లో తెచ్చిన కాంస్యం. తరువాత ఆ అంశమే జరగలేదు గనుక దాన్ని మించినవారూ లేరు, ఓడినవారూ లేరు.