సీడీ ప్రాణం ఎటువైపు ఉంటుంది?

బీటెక్‌లో లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెచ్చుకున్నా, వెనక కవర్లో సీడీ. మెరిసే వైపు ఒక్క గీత లేదు, కానీ సగం ఫైళ్లు ఓపెన్ కాలేదు. లేబుల్ మీద ఎవరో బాల్‌పెన్‌తో గట్టిగా నంబర్ రాశారు, అదీ సంగతి.

1982లో మార్కెట్లోకి వచ్చిన ఈ సీడీలో డేటా పొర ఉండేది లేబుల్ వైపే, పల్చటి వార్నిష్ కింద. మెరిసే వైపు గీత పడితే పాలిష్ చేయొచ్చు. లేబుల్ వైపు చెక్కుకుపోతే ఇక అంతే.

ఇప్పుడు కాస్త వెనక్కి పోదాం. 1918లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు మన నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథ నిలయం పెట్టారు. నిజాం రాజ్యంలో పై చదువులు, ఆఫీసులు చాలావరకు ఉర్దూలోనే. తెలుగు చదవాలంటే ఇలాంటి చోటే దిక్కు. 1922లో ఆయనే నీలగిరి పత్రిక కూడా తెచ్చారు.

ఆ కాలం పుస్తకంలో ఒక పేజీ చిరిగితే మిగతావి చదువుకోవచ్చు. సీడీకి ఆ అదృష్టం తక్కువ. పైగా ఇప్పుడు లాప్‌టాప్‌లలో డ్రైవే ఉండట్లేదు.

అందుకే లైబ్రరీలో అసలు డిస్క్ బీరువాలో ఉండాలి, కాపీ మన చేతికి రావాలి. తిరిగొచ్చాక వెలుతురుకి పట్టి చూడాలి. సూది బెజ్జాల్లా వెలుగు కనబడితే అక్కడ పొర పోయినట్టే. తుడిస్తే మధ్య నుంచి అంచుకి, గుండ్రంగా కాదు.

మీ ఊరి లైబ్రరీలో సీడీలు ఉన్నాయా? ఈ వారమే వెళ్లి అడగండి: కాపీ తీశారా అని.