ఏనుగు తొండం ఎందుకు ఎత్తింది? పాత నాణేల మీద మన అడవి

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్ రూంలో ఆరుగురం ఉంటాం. ఆరుగురి ఇళ్ళలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఒకరోజు క్లాసులో హిస్టరీ సార్ శాతవాహనుల నాణేల ఫోటోలు చూపించారు. ఒక దాని మీద తొండం పైకెత్తిన ఏనుగు, చుట్టూ బ్రాహ్మీ లిపిలో రాజు పేరు ఉన్నాయి. వెనకవైపు ప్లస్ గుర్తులాంటి గీతలు, వాటి నాలుగు చివర్లా నాలుగు గుండ్రాలు ఉన్నాయి. దాన్ని ఉజ్జయిని గుర్తు అంటారు. సార్ చెప్తుంటే మా వెనక బెంచీ వాడు "ఇది మన చేలు తొక్కేదే కదరా" అన్నాడు. నవ్వుకున్నాం. కానీ ఆ మాట మమ్మల్ని వదల్లేదు.

అప్పట్నుంచి జంతువుల బొమ్మలున్న పాత నాణేల గురించి ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాం. మా కలెక్షన్లో ఒక్క నిజం నాణెం కూడా లేదు. పుస్తకాల్లో, మ్యూజియం ఫోటోల్లో దొరికిన ప్రతి బొమ్మా పెన్సిల్‌తో గీసుకుని, ఏ లోహం, ఎక్కడ దొరికింది, ఏ కాలం అని కింద రాసుకుంటున్నాం.

మన దేశంలో బాగా పాతవి విద్ధాంక నాణేలు. సుమారు 3.3 గ్రాముల వెండి ముక్క మీద విడివిడిగా ముద్రలు కొట్టేవాళ్ళు. సూర్యుడు, కొండ, చెట్టు, ఎద్దు, ఏనుగు లాంటి గుర్తులుంటాయి, రాజు పేరు ఉండదు. తర్వాత వచ్చిన శాతవాహనులు సీసం, రాగి, పోటిన్ (రాగి, తగరం, సీసం కలిపిన లోహం), వెండి నాణేలు వేశారు. వాటి మీద ఏనుగు, సింహం, గుర్రం, ఎద్దు కనిపిస్తాయి. నాగార్జునకొండ ఇక్ష్వాకుల సీసం నాణేల మీదా ఏనుగే. విష్ణుకుండినులది పంజా ఎత్తిన సింహం. తూర్పు చాళుక్యుల బంగారు నాణేల మీద పంది ఉంది. మనం కథల్లో వినే "వరహాలు" ఆ పంది పేరే. వరాహం అంటే పంది. ఊళ్ళో దుంపల చేను తవ్వేసే అడవిపంది పేరు మీద బంగారం లెక్కపెట్టారన్నమాట.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తొండం ఎత్తిన ఏనుగు బొమ్మ మా తాతకి ఫోన్లో చూపించాం. "తాతా, రాజుగారికి దండం పెడుతోందా?" అని అడిగాం. తాత వెంటనే అన్నాడు: "దండం కాదురా. గాలి పడతంది. మడిసి వాసన తగిల్తే తొండం అలాగే ఎత్తుతాది. అప్పుడు గాలి ఎటు తోలుతుందో చూసుకుని తప్పుకోవాల."

నాణెం వేసినవాళ్ళు అదే అనుకుని చెక్కారో లేదో గానీ, తాత మాటతో మేము కౌటిల్యుడి అర్థశాస్త్రం తెలుగులో తీసి చదివాం. సుమారు రెండు వేల ఏళ్ళ కిందటి పుస్తకం. అందులో ఏనుగుల అడవుల గురించి ఒక భాగం ఉంది. ఏనుగుల్ని వెతకడానికి వెళ్ళేవాళ్ళలో మావటీలు, కాళ్ళకి బంధాలు వేసేవాళ్ళు, సరిహద్దు కాపలావాళ్ళతో పాటు వనచరకులు, అంటే అడవిలో తిరిగేవాళ్ళు, ఉన్నారు. వాళ్ళు తమ వాసన తెలియకుండా ఒంటికి ఏనుగు ఉచ్చ, పేడ పూసుకోవాలట. ఆకుల కొమ్మలు కప్పుకోవాలట. ఐదో ఏడో ఆడ ఏనుగుల్ని వెంటబెట్టుకుని తిరగాలట. పడుకున్న చోటు, అడుగుజాడ, పేడ, గట్టు కూలిన తీరు చూసి గుంపు ఎంతో కనిపెట్టాలట.

చదివి ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. ఇది తాత చెప్పిన గాలి సంగతే కదా! పేడ చూసి ఎప్పుడు పోయిందో చెప్పడం మన ఊళ్ళలో ఇప్పటికీ ఉంది. రాజుల సైన్యానికి ఏనుగు కావాలి. ఏనుగు కావాలంటే అడవి తెలిసినవాళ్ళు కావాలి. అదే పుస్తకం కళింగ ఏనుగుల్ని మేలైనవాటిలో చెప్తుంది. కళింగ అంటే మన శ్రీకాకుళం, ఒడిశా వైపు. నాణెం మీద రాజు పేరుంది, ఏనుగు బొమ్మ ఉంది. ఏనుగుని వెతికి తెచ్చినవాళ్ళని పుస్తకం వనచరకులు అని ఊరుకుంది. ఒక్క పేరు లేదు, ఏ తెగో లేదు.

శాసనాల్లోనూ అంతే. కళింగ యుద్ధం తర్వాత బాధపడ్డానని చెప్పిన అశోకుడి 13వ శిలాశాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. ఆ శాసనంలోనే అడవి ప్రజలకి హెచ్చరిక కూడా ఉంది. బాధపడినా దండించే బలం తనకుందని గుర్తు చేస్తాడు. చరిత్రలో మనం లేకపోవడం కాదు, ఎలా రాశారో చూడండి.

ఇప్పుడు అసలు విషయం. మాలో ఒకడి బంధువుల ఊళ్ళో చాలా ఏళ్ళ కిందట మట్టి తవ్వుతుంటే చిన్న కుండ బయటపడింది. లోపల నల్లటి సీసం బిళ్ళలు ఉన్నాయి. కొన్నిటి మీద "ఏదో జంతువు" ఉందని వాళ్ళ మామ ఇప్పటికీ చెప్తాడు. పాత సామాన్లు కొనే వ్యాపారి కాటాకి తూచి తీసుకున్నాడు. మిగిలినవి కరిగించి చేపల వలకి గుళ్ళు చేసుకున్నారు. తప్పు వాళ్ళదని అనం. అది చరిత్ర అని వాళ్ళకి చెప్పినవాళ్ళెవరు? కానీ ఆ కుండతో పాటు మన కొండ కింద ఏ కాలంలో ఏ సంత జరిగిందో తెలిసే దారి కూడా పోయింది.

గోదావరి ఒడ్డున కోటిలింగాలలో ఇంకోలా జరిగింది. అక్కడ ఒక పోస్టుమాస్టరు గారు దొరికిన నాణేలు ఏరి జాగ్రత్త చేసి, పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారికి చేర్చారు. వాటితో శాతవాహనుల మొదటి రాజు సిముకుడి నాణేలు, వాళ్ళకంటే ముందున్న గోబద, నారన, కంవాయసిరి, సమగోప అనే రాజుల పేర్లు వెలుగులోకి వచ్చాయి. తెలంగాణ చరిత్ర మొదటి పేజీయే మారింది. నాణెం ఎక్కడ దొరికిందో రాసి ఉండటమే దానికి కారణం. ఊరు పేరు పోతే అది ఉత్త సీసం ముక్క.

అందుకే మన గ్రూపుకి మా విన్నపం. పొలంలో, వాగులో, పునాదిలో పాత నాణెం కనిపిస్తే రుద్ది కడగొద్దు, కరిగించొద్దు, అమ్మొద్దు. ఫోటో తీసి, చోటు, లోతు, తేదీ రాసి రెవెన్యూ వాళ్ళకి చెప్పండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలపాలి. వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు. ఆన్‌లైన్లో "ఏనుగు నాణేనికి లక్షలు" అనే వీడియోలు నమ్మి ఇరుక్కోకండి.

రెండోది, నాణెం బొమ్మలు మీ ఊరి పెద్దలకి చూపించండి. వాళ్ళు ఏమంటారో మన భాషలోనే రాసి ఇక్కడ పెట్టండి. మా నోట్‌బుక్‌లో ఏనుగు పేజీ కింద తాత మాట, తాత పేరు రాశాం.

చివరిగా ఒకటి. ఆ అర్థశాస్త్రంలోనే ఏనుగుని చంపినవాడికి మరణశిక్ష అని ఉంది. తానే చచ్చిన ఏనుగు దంతాలు తెచ్చిస్తే బహుమతి. మన భామిని మండలంలో 2023 మేలో నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చచ్చిపోయాయి. ఏనుగుల వల్ల మన మనుషులూ పోయారు, చేలూ పోయాయి. నాణేల మీద నిలబడ్డ ఏనుగుకీ మనకీ మధ్య ఏం జరిగిందో మనమే రాయాలి. ఈసారి పేర్లతో రాద్దాం.

జోహార్.