కుక్క కరిస్తే నేరం ఎవరిది?

బెజవాడ ఇంద్రకీలాద్రి మహాత్మ్యం చెప్పేవారు మాధవవర్మ కథను విడిచిపెట్టరు. రాకుమారుని రథం కింద పడి, చింతచిగురు అమ్ముకునే స్త్రీ బిడ్డ మరణించాడు. రాజు తన కొడుకుకే మరణదండన విధించాడు. ఆ ధర్మనిష్ఠకు మెచ్చి అమ్మవారు కనకవర్షం కురిపించిందట. ఇది ఐతిహ్యమే, చరిత్ర కాదు. అయినా ఒక్క సంగతి గమనార్హం: ఆ కథలో ఎవరూ గుర్రాలను నిందించలేదు, పగ్గాలు పట్టినవాడినే నిలదీశారు.

ధర్మశాస్త్రాలదీ ఇదే మార్గం. కోరలో కొమ్ములో ఉన్న తన జంతువు మనిషి మీద పడినప్పుడు, విడిపించే శక్తి ఉండీ ఊరకున్న యజమాని దండనార్హుడని యాజ్ఞవల్క్యస్మృతి చెబుతున్నది. బాధితుడు మొరపెట్టినా కదలకపోతే దండన రెట్టింపు. ఆ స్మృతికి వ్యాఖ్యానమైన మితాక్షరను అనుసరించి, 13వ శతాబ్దిలో కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయం రచించాడు.

ఆంగ్లేయుల కాలంలో, 1860 నాటి భారత శిక్షాస్మృతి 289వ సెక్షను ఈ బాధ్యతను మరోవిధంగా చెప్పింది. తన స్వాధీనంలోని జంతువు వల్ల ప్రాణాపాయంగాని తీవ్రగాయంగాని కలగకుండా తగిన కట్టుదిట్టం చేయనివానికి 6 నెలల వరకు ఖైదు, 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అందులో గొలుసు ప్రస్తావన లేదు. ఏ కట్టుదిట్టం సరిపోతుందో చూసుకోవలసింది యజమానే. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షనులో జరిమానా 5000 అయింది, ఖైదు మారలేదు. 1860 నాటి వెయ్యి రూపాయల విలువతో పోలిస్తే, శిక్ష పెరిగినట్టు కనబడుతూనే తేలికైంది.

మరి యజమానే లేని వీధికుక్క మాట? 2001 నాటి నియమాలూ, వాటి స్థానంలో వచ్చిన 2023 నియమాలూ వీధికుక్కలకు సంతాననిరోధక శస్త్రచికిత్స, రేబీస్ టీకా చేయించే భారాన్ని స్థానిక సంస్థలపై ఉంచాయి. 2023 నవంబరులో పంజాబు-హర్యానా ఉన్నత న్యాయస్థానం ఇంకొక అడుగు వేసింది: పరిహారం చెల్లించవలసిన ప్రథమ బాధ్యత ప్రభుత్వానిదే, ఒక్కొక్క పంటిగాటుకు కనీసం 10,000 రూపాయలు అన్నది. ఆ తీర్పు కృష్ణాతీరానిది కాదు, కాని అందులోని న్యాయం మనకు కొత్తదీ కాదు.

మాధవవర్మ కథలోని తల్లికి ఎవరి గుమ్మం తట్టాలో తెలుసు. 1888లో పురపాలక సంఘం, 1981లో నగరపాలక సంస్థ ఏర్పడిన ఈ ఊరిలో, కుక్క కరిచిన బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తే తల్లికి కూడా అటువంటి గుమ్మం ఒకటి ఉండాలి.