కోయెంజి వెర్రి నాట్యం

టోక్యో పశ్చిమ శివారు కోయెంజిలో ఏటా ఆగస్టు చివరి శని, ఆదివారాలు సాయంత్రం 5 కాగానే రైలు స్టేషను చుట్టూ ఉన్న వీధుల్లో బండ్లు ఆగిపోతాయి. రాత్రి 8 దాకా ఆ దారులన్నీ నాట్య బృందాలవే. బడిపిల్లల వేసవి సెలవులు అయిపోవచ్చే రోజులవి. అవా ఒదోరి అనే ఈ వీధి నాట్యం ఇక్కడ 1957లో మొదలైంది. 2027కి 70 ఏళ్లు నిండుతాయి. కరోనాకు ముందు ఆడేవాళ్లు దాదాపు 10 వేలు, చూసేవాళ్లు 10 లక్షలు అని నిర్వాహకుల లెక్క.

నాట్యం మాత్రం కోయెంజిది కాదు. దాని సొంతూరు షికోకు దీవిలోని టోకుషిమ. ఆ సీమ పాత పేరే అవా. 1586 ప్రాంతంలో హచిసుక ఇయెమాస ప్రభువు కోట కట్టించి, ఆ సంబరంలో జనాన్ని ఇష్టం వచ్చినట్టు ఆడుకోమన్నాడని, ఈ ఆట అప్పుడే పుట్టిందని ప్రచారంలో ఉన్న కథ. కథ ముచ్చటగా ఉంది కానీ దానికి గట్టి ఆధారం లేదు. పితృదేవతలను తలుచుకునే బోన్ పండుగ ఆటల నుంచి ఇది పెరిగిందనడమే నమ్మదగ్గ మాట. నీలిమందు వ్యాపారం తెచ్చిన డబ్బు దాన్ని పోషించింది. ఏలినవాళ్లకు మాత్రం ఇంతమంది ఒకచోట చేరడమంటే గుబులు. అందుకే ఆంక్షల మీద ఆంక్షలు పెట్టారు. సమురాయిలు వీధిలో ఆడరాదన్నారు. 1841లో హచిసుక ఇక్కకు అనే పెద్ద ఉద్యోగి ఆపుకోలేక జనంలో కలిసి ఆడి దొరికిపోయాడు. ఇంట్లోనే బందీ అయ్యాడు, హోదా కూడా పోగొట్టుకున్నాడు.

ఆ కాలంలో కోయెంజి ఒక పల్లెటూరు. షోగున్ ఇయెమిత్సు డేగవేటకు వచ్చినప్పుడు అక్కడి గుడిలో విశ్రమించేవాడని, ఆ గుడి పేరే ఊరికి వచ్చిందని చెబుతారు. 1889లో రైలు మార్గం పడింది, కానీ స్టేషను 1922లో గానీ రాలేదు. మరుసటి ఏడే కాంతో భూకంపం వచ్చింది. ఇళ్లు కాలి కూలిన నగరవాసులు పశ్చిమానికి తరలిరావడంతో పొలాలు ఇళ్ల స్థలాలయ్యాయి. 1932లో ఈ ప్రాంతం సుగినామి వార్డులో భాగంగా టోక్యో నగరంలో కలిసింది. యుద్ధం ముగిశాక స్టేషను చుట్టూ కొట్లు బారులు తీరాయి.

అసలు కథ ఆ కొట్లలో పుట్టింది. రైల్లో పక్క స్టేషను అసాగయ. అక్కడి వర్తకులు 1954లో తనబాత పండుగ మొదలుపెట్టి, బజారంతా రంగు కాగితాల బొమ్మలు వేలాడదీశారు. ఆగస్టు వచ్చిందంటే జనం అటే. పక్క వీధి వినాయకుణ్ని చూసి మన వీధిలో పందిరి ఎత్తు పెరిగినట్టే, కోయెంజి కొట్ల వాళ్లకూ పౌరుషం వచ్చింది. ఈనాడు పాల్ అని పిలిచే బజారులో వర్తక సంఘం 1957లో యువజన విభాగం పెట్టింది. హికావా ఆలయ ఉత్సవం సమయానికి తామూ ఏదో ఒకటి చేసి చూపాలని కుర్రాళ్లు పంతం పట్టారు.

ఏం చేయాలన్నదే చిక్కు. దేవుడి పల్లకీ మోయాలంటే ముందు పల్లకీ కావాలి, అంత డబ్బు లేదు. మామూలు బోన్ నాట్యానికి మధ్యలో మంచె కట్టి చుట్టూ తిరగాలి, ఆ సందులో అంత చోటు లేదు. నిలవకుండా ముందుకు సాగిపోయే ఆట అయితే ఇరుకు వీధైనా చాలు. షికోకులో అలాంటిది ఉందని ఎవరో అన్నారు. దాన్ని సరిగ్గా చూసినవాళ్లు లేరు. అయినా ఒక నాట్యం టీచరును పట్టుకుని, ఆమెకు తోచిన అడుగులే నేర్చుకున్నారు. వీధిలోకి దిగినవాళ్లు 38 మంది. దాన్ని అవా ఒదోరి అనే ధైర్యం చాలక కోయెంజి బాకా ఒదోరి, అంటే వెర్రి నాట్యం, అని పేరు పెట్టుకున్నారు. ఎరువు సొమ్ముకు తమ పేరు చెక్కించుకోకపోవడం వాళ్ల నిజాయితీ. పక్క స్టేషను మీద పోటీతో చేసిన పనిని పవిత్ర సంప్రదాయమని చెప్పుకోకపోవడం అంతకన్నా ముచ్చట.

వెర్రి అక్కడితో తీరలేదు. కొన్నేళ్లకు టోక్యోలో స్థిరపడిన టోకుషిమ వాళ్ల దగ్గర అసలు పాఠం మొదలైంది. చూడ్డానికి తేలిక, చేస్తే మోకాళ్లు పట్టేసే ఆట ఇది. కుడికాలితో కుడిచేయి, ఎడమకాలితో ఎడమచేయి కదలాలి. మగవాళ్లు నడుము దించి మోకాళ్లు వంచి, విసనకర్రో లాంతరో తిప్పుతూ నడుస్తారు. ఆడవాళ్లు కళ్ల మీదికి వాలిన గడ్డి టోపీతో, చేతులు పైకెత్తి, చెక్క చెప్పుల ముందు అంచు మీదే అడుగులేస్తారు. వెనక షమిసెన్ అనే తీగవాద్యం, వేణువు, డోళ్లు. వేగం పెంచాలా తగ్గించాలా అన్నది చేతిలో పట్టుకునే చిన్న కంచు గంట నిర్ణయిస్తుంది. 1963లో ఉత్సవం పేరు కోయెంజి అవా ఒదోరి అయింది. ఆ పేరు పెట్టుకునే అర్హత అప్పటికి సంపాదించామని వాళ్లు అనుకుని ఉండాలి. రెన్ అనే బృందాలు ఒక్కొక్కటే పుట్టాయి. కొట్టు యజమానుల పక్కన ఉద్యోగులు, విద్యార్థులు, పసిపిల్లలు చేరారు.

ఆ తర్వాత కథ ఒక దారిన నడవదు. కోయెంజి పాత బట్టల దుకాణాలకు, రాక్ సంగీతానికి పేరుపడింది. నెజిమె షోయిచి ఇక్కడి బజారు మీద రాసిన నవలకు 1989లో నవోకి బహుమతి వస్తే, ఆ బజారే నవల పేరు పెట్టుకుంది. ఇతో తోయో రూపకల్పన చేసిన జా-కోయెంజి రంగశాల 2009లో తెరుచుకుంది. దాని భూగర్భ అంతస్తులో అవా ఒదోరి సాధనకు ప్రత్యేకంగా ఒక హాలు ఉంది. 2020, 2021లో ఉత్సవం లేదు. బృందాలు మళ్లీ వీధికెక్కింది 2023లో.

పుట్టింట్లో మాత్రం పేచీ. 2018లో అప్పుల గొడవల మధ్య టోకుషిమ మేయరు చివరి సామూహిక నాట్యాన్ని రద్దు చేస్తే, బృందాలు మాట వినకుండా వీధిలోకి వచ్చి ఆడాయి. ఈలోగా ఆట శివారు నుంచి శివారుకు పాకింది. సైతామా జిల్లా మినామి-కోషిగయలో 1985లో మొదలైన వేడుకను ఇప్పుడు టోకుషిమ, కోయెంజిల తర్వాత మూడోదిగా లెక్కిస్తారు. అక్కడ దాన్ని మొదలుపెట్టించిన గృహనిర్మాణ వ్యాపారి నకౌచి తోషిజో టోకుషిమలోనే పుట్టినవాడు. కోయెంజి కుర్రాళ్లకు లేని వెసులుబాటు అది. అడుగులు ఎవరిని అడగాలో ఆయనకు మొదటి రోజే తెలుసు.