పరిగెత్తి పాలు తాగినవాళ్ళు

పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దలు సామెత కట్టారు. కట్టింది ఎవరైతేనేం, దాన్ని తు.చ. తప్పకుండా పాటించమన్నది మాత్రం ఆడపిల్లలనే. "ఆ పరుగేమిటే, నెమ్మదిగా నడవలేవూ?" అన్న మాట వినకుండా పెరిగిన వాళ్ళు మనలో ఎంతమంది ఉంటారు చెప్పండి? తమ్ముడు పరిగెడితే హుషారు, అక్క పరిగెడితే దూకుడు. పన్నెండేళ్ళు వచ్చేసరికి మన కాళ్ళలోని పరుగు కాస్తా పనుల్లోకి వెళ్ళి కూర్చుంటుంది. ఇక అప్పట్నించీ పాలు పొంగుతున్నాయని పరుగు, బస్సు కదిలిపోతోందని పరుగు, స్కూలు గంట కొట్టేస్తారని పరుగు. పరుగు కోసమే పరిగెత్తడం అన్నది ఉండదు.

అలాంటి మనతో, పరుగులో ఒక సుఖం ఉందనీ, చాలాసేపు పరిగెడితే ఏదో ఒక క్షణంలో ఒళ్ళు దూదిపింజలా తేలికై, మనసు తేటపడి, కారణం లేని సంతోషం ముంచుకొస్తుందనీ ఎవరైనా చెబితే నమ్మబుద్ధి వేస్తుందా? ఇంగ్లీషువాళ్ళు దీనికి 'రన్నర్స్ హై' అని పేరు పెట్టుకున్నారు. మన మాటలో పరుగు పరవశం అనుకుందాం.

మా కాలనీలో బ్యాంకులో పనిచేసే ఒకావిడ తెల్లవారుజామున పరుగుకి వెళుతుంది. మొదట్లో వాళ్ళ అత్తగారు, "ఎవరు తరుముతున్నారమ్మా నిన్ను?" అని అడిగేవారట. నేనూ ఉండబట్టలేక అడిగాను, అందులో ఏముందండీ అని. ఆవిడ కాస్త సిగ్గుపడుతూ చెప్పింది. "మొదటి అరగంటా నరకమేనండీ. ఊపిరాడదు, మోకాళ్ళు మొరాయిస్తాయి, ఇంటికి పోదామనిపిస్తుంది. ఆ తర్వాత ఎప్పుడో, రోజూ కాదు, నెలకి ఒకటి రెండుసార్లు, ఊపిరి దానంతటది కుదురుకుంటుంది. కాళ్ళు నావి కావన్నట్టు అవే పోతుంటాయి. పిల్లాడి ఫీజూ, అత్తయ్యగారి మందులూ, ఆఫీసులో మాటలూ అన్నీ గుర్తుంటాయి. కానీ ఏదీ బరువుండదు. ఒకసారి ఏడుపు కూడా వచ్చింది, సంతోషంతోనే."

బరువుండదు అన్న మాట నన్ను పట్టుకుంది. ఆ సంతోషం ఎక్కణ్ణించి వస్తుందో, ఆడవాళ్ళదాకా రావడానికి దానికి ఇంతకాలం ఎందుకు పట్టిందో చదవడం మొదలుపెట్టాను. చదివితే అదొక పెద్ద కథ.

కథ 1928లో ఎత్తుకోవాలి. ఆ ఏడు ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారిగా ఆడవాళ్ళకు 800 మీటర్ల పరుగు పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కె 2 నిమిషాల 16.8 సెకన్లలో గెలిచింది. జపాన్ అమ్మాయి కినూయె హిటోమి రెండో స్థానంలో వచ్చింది. గీత దాటాక ఒకరిద్దరు ఆయాసంతో నేల మీద వాలిపోయారు. ప్రాణం పెట్టి పరిగెత్తినవాళ్ళు వాలిపోక ఏం చేస్తారు? మగవాళ్ళు వాలిపోతే వీరులని ఫోటోలు తీసేవాళ్ళు. ఆడవాళ్ళు వాలిపోయేసరికి పత్రికలు గగ్గోలు పెట్టాయి. ట్రాక్ నిండా కుప్పకూలిపోయారని కొందరు, సగం మంది మధ్యలోనే ఆగిపోయారని కొందరు రాశారు. నిజానికి పరిగెత్తింది తొమ్మిది మంది, తొమ్మిది మందీ పందెం పూర్తిచేశారు. అయినా పెద్దమనుషులు ఆడవారి సుకుమారం మీద జాలిపడి ఆ పందెం ఎత్తేశారు. మళ్ళీ పెట్టింది 1960లో, రోమ్‌లో. ఒక ఆయాసానికి ముప్ఫై రెండేళ్ళ శిక్ష!

ఎనిమిది వందల మీటర్లకే ఇలా అయితే, 42 కిలోమీటర్ల 195 మీటర్ల మారథాన్ మాట ఎవరెత్తుతారు? ఎత్తింది రాబర్టా గిబ్ అనే అమ్మాయి. అందరూ బాబీ అనేవారు. 1964లో వాళ్ళ నాన్న బోస్టన్ మారథాన్ చూడ్డానికి తీసుకెళ్తే, ఆ పరిగెత్తేవాళ్ళను చూసి మనసు పారేసుకుంది. ఆడవాళ్ళకు పరుగు బూట్లు దొరకని రోజులవి. నర్సులు వేసుకునే తోలుబూట్లు తొడుక్కుని అడవి దారుల్లో, కుక్కలు తోడుగా, మైళ్ళకు మైళ్ళు పరిగెత్తేది. శిక్షకుడు లేడు, బహుమతి ఆశ లేదు. పరిగెడుతుంటే కలిగే ఆనందం ఒక్కటే ఆమెకు గురువు.

1966 ఫిబ్రవరిలో బోస్టన్ పందెంవారికి దరఖాస్తు పంపింది. అంతదూరం పరిగెత్తే శక్తి ఆడవారి శరీరానికి లేదని జవాబొచ్చింది. మనలాంటి వాళ్ళమైతే ఆ ఉత్తరం మడిచి పెట్టెలో దాచుకుని, రాత్రి వంటిల్లు సర్దాక తీసి చదువుకుని కళ్ళొత్తుకునేవాళ్ళం. బాబీ శాన్ డియెగోలో బస్సెక్కింది. మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు ప్రయాణం చేసి, పందెం ముందురోజు పుట్టింటికి చేరింది. తండ్రి మండిపడ్డాడు. తల్లి మాత్రం మర్నాడు కారెక్కించుకుని పందెం మొదలయ్యే ఊరి దగ్గర దింపింది. ఈ కథలో నాకు బాబీ ఎంత ఇష్టమో, ఆ తల్లి అంతకంటే ఇష్టం. కూతురు చేసేది ఆవిడకు పూర్తిగా అర్థమై ఉండాలని లేదు. కారు తాళాలు మాత్రం చేతిలోకి తీసుకుంది.

తమ్ముడి నిక్కరు, మొహం కప్పే టోపీ ఉన్న చొక్కా, మగపిల్లల బూట్లు వేసుకుని బాబీ పొదల చాటున దాక్కుంది. గుంపు కదిలాక అందులో కలిసిపోయింది. వెనక వస్తున్న మగవాళ్ళు కాసేపట్లోనే ఆడపిల్లని పోల్చేశారు. పట్టిస్తారేమోనని ఆమె గుండె దడదడలాడింది. వాళ్ళు పట్టివ్వలేదు సరికదా, నిన్నెవరైనా బయటికి పంపిస్తే మేం ఊరుకోం అని ధైర్యం చెప్పారు. ఉక్కపోస్తున్న ఆ పైచొక్కా విసిరేసి పరిగెత్తింది. దారిలో వెల్స్‌లీ అనే మహిళా కళాశాల ఉంది. పరుగులో ఒక ఆడపిల్ల ఉందని తెలిసి అక్కడి విద్యార్థినులు కేకలు పెట్టి, కన్నీళ్ళు పెట్టుకున్నారు. కొత్తబూట్లకు అరికాళ్ళు బొబ్బలెక్కినా 3 గంటల 21 నిమిషాల 40 సెకన్లలో పూర్తిచేసింది. మూడింట రెండు వంతుల మంది మగవాళ్ళు ఆమె వెనకాలే వచ్చారు. రాష్ట్ర గవర్నరు వచ్చి చేయి కలిపాడు. రికార్డు పుస్తకంలో మాత్రం ఆమె పేరు ఎక్కలేదు. ఆ మూడేళ్ళ విజేతగా బోస్టన్‌వారు ఆమెను ఒప్పుకున్నది 1996లో!

మరుసటేడు, 1967లో, క్యాథరిన్ స్విట్జర్ అనే విద్యార్థిని కె.వి. స్విట్జర్ అని పొడి అక్షరాలతో పేరిచ్చి 261 నంబరు సంపాదించింది. పరుగు మధ్యలో నిర్వాహకుడొకాయన వచ్చి ఆ నంబరు లాగేయబోయాడు. ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. 1972లో బోస్టన్ తలుపులు తెరిచారు. 1984 లాస్ ఏంజెల్స్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు మొట్టమొదటి మారథాన్ పెట్టారు. జోన్ బెనాయిట్ 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిచింది. అదే పందెంలో స్విట్జర్లాండుకు చెందిన గాబ్రియేలా ఆండర్సన్ ఎండదెబ్బ తగిలి, ఒళ్ళు ఒకపక్కకి ఒరిగిపోతూ, తూలుతూ స్టేడియంలోకి వచ్చింది. చివరి 400 మీటర్లకు దాదాపు ఆరు నిమిషాలు పట్టింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈసారి ఎవరూ పందెం రద్దు చేయలేదు. 1928కీ 1984కీ ఉన్న దూరమంతా ఆ చప్పట్లలో ఉంది.

ఇక పరవశం సంగతి. 1970ల్లో అమెరికాలో జాగింగ్ పిచ్చి పట్టిన రోజుల్లోనే, శాస్త్రవేత్తలు మెదడులో సుఖం ఎక్కడుంటుందా అని వెతుకుతున్నారు. 1973లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో కాండేస్ పెర్ట్ అనే ఇరవై ఆరేళ్ళ పరిశోధక విద్యార్థిని, తన గురువు సాలమన్ స్నైడర్‌తో కలిసి ఒక సంగతి కనిపెట్టింది. నల్లమందులాంటివి వెళ్ళి అతుక్కోవడానికి మెదడులో ప్రత్యేకమైన చోట్లున్నాయి, తాళంచెవికి తాళంలాగ. మరి దేవుడు నల్లమందు కోసమని మెదడుకి తాళం బిగించి పంపిస్తాడా? అసలు తాళంచెవి మన ఒంట్లోనే ఉండాలి కదా! 1975లో స్కాట్లండులోని అబెర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ అలాంటి పదార్థాన్ని పట్టుకున్నారు. ఆ కుటుంబానికి పెట్టిన పేరే ఎండార్ఫిన్, అంటే లోపల పుట్టే మార్ఫిన్. 1978లో దీనికి పేరున్న లాస్కర్ బహుమతి వచ్చింది. స్నైడర్‌కి ఇచ్చారు, హ్యూస్‌కి ఇచ్చారు, కోస్టర్లిట్జ్‌కి ఇచ్చారు. పెర్ట్‌కి ఇవ్వలేదు. ఆవిడ ఊరుకోలేదు, నా వాటా ఏదని బాహాటంగానే అడిగింది. సుఖం పుట్టేచోటు కనిపెట్టిన ఆడదానికి దక్కిన సుఖం అది!

పరుగు పరవశానికి ఎండార్ఫినే కారణమని లోకమంతా అనుకుంది. 2008లో జర్మనీలో పదిమంది చేత రెండేసి గంటలు పరిగెత్తించి మెదడుకి స్కాన్ తీస్తే, ఆ జాడలు కనిపించాయి కూడా. కానీ అసలు రహస్యం ఇంకోటుందని ఈమధ్య తేలుతోంది. 1992లో జెరూసలెంలో రఫాయెల్ మెషూలం ప్రయోగశాలలో, గంజాయి పనిచేసే చోటే పనిచేసే ఒక పదార్థం మెదడులోనే దొరికింది. దానికి ఏ పేరు పెట్టాలా అని ఆలోచించి, ఎక్కడా దొరకనట్టు మన సంస్కృతం తలుపు తట్టారు. 'ఆనంద' అన్న మాట తీసుకుని 'ఆనందమైడ్' అని పెట్టారు. మనం పిల్లలకు పెట్టుకునే పేరు, వాళ్ళు అణువుకి పెట్టుకున్నారు.

2012లో అమెరికాలో మనుషులనూ, కుక్కలనూ, ఫెరెట్ అనే ముంగిసలాంటి జంతువునూ యంత్రం మీద పరిగెత్తించి చూశారు. మనిషికీ కుక్కకీ నెత్తుట్లో ఆనందమైడ్ పెరిగింది. ఫెరెట్‌కి పెరగలేదు. తిండికోసం దూరాలు పరిగెత్తిన జాతులకు ప్రకృతి ఇచ్చిన తాయిలం ఇదని వారి ఊహ. బాబీ వెంట కుక్కలు ఊరికే పరిగెత్తలేదన్నమాట! 2021లో మళ్ళీ జర్మనీలోనే, ఎండార్ఫిన్‌ను అడ్డుకునే మందు మింగించి 63 మందిని పరిగెత్తించారు. మందు అడ్డుకున్నా ఆనందం ఆగలేదు.

ఇదంతా చదివాక నాకు తోచిందొకటే. ఆ అణువు ఆడా మగా చూడదు. అందరికీ పుట్టుకతోనే ఉంది. ఇంతకాలం మనకు లేనిది పరిగెత్తే దారి. ఆడది అంతదూరం పరిగెత్తగలదా, పరిగెత్తితే ఏమైపోతుంది అని వాదించుకున్నవాళ్ళు, పరిగెడితే ఆమెకు ఎలా ఉంటుందని ఒక్కసారైనా అడగలేదు.

ఇప్పుడు హైదరాబాదులో ఏటా ఆగస్టులో మారథాన్ జరుగుతుంది. అందులో అమ్మమ్మలు కూడా కనిపిస్తారు. అందరం రేపే 42 కిలోమీటర్లకు బయల్దేరాలని కాదు. మోకాళ్ళ సంగతీ గుండె సంగతీ డాక్టరుని అడిగి, నడకతో మొదలుపెట్టి, మెల్లగా నాలుగు అడుగులు పరుగులో వేయొచ్చు. ఆ పరవశం మొదటిరోజే రాదు, పిలిచినప్పుడల్లా కూడా రాదు. వచ్చినా రాకపోయినా పొద్దున్నే ఆ అరగంట మాత్రం మనదే. అంతసేపు మనం కనిపించకపోతే కాఫీ కలుపుకోవడం ఇంట్లో ఎవరో ఒకరికి వస్తుంది.

నిలబడి తాగే నీళ్ళను నేను కాదనను. కానీ మన అమ్మాయి ఎప్పుడైనా పరుగు బూట్లు కొనమని అడిగితే, సామెత చెప్పకుండా ముందు సైజెంతో అడుగుదాం.