మసక ఫొటోలో ఉన్నది చిరుతా, పిల్లా? గుర్తించేది ఇలా

పొలం గట్టున అమర్చిన సీసీ కెమెరాలోనో, రాత్రివేళ కారులోంచి తీసిన సెల్‌ఫోన్ వీడియోలోనో ఒక మసక ఆకారం. గుండ్రని తల, పొడవాటి కాళ్లు, వెనుక తోక. గంట తిరగకముందే అది ‘పులి సంచారం’ పేరుతో వాట్సాప్ గ్రూపుల్లో చక్కర్లు కొడుతుంది. అటవీ సిబ్బంది వచ్చి పరిశీలించాక అది అడవిపిల్లి అని తేలిన సందర్భాలు అరుదేమీ కాదు. అయితే ఈలోగా కర్రలు పట్టుకుని గాలింపు మొదలైతే నష్టపోయేది ఆ జంతువే. మహారాష్ట్రలో చెరకు కోతల సమయంలో తోటల్లో దొరికే కూనల్లో చిరుతవీ ఉంటాయి, అడవిపిల్లివీ ఉంటాయి. అవి వేటివో తెలియక ఇంటికి తీసుకెళితే తల్లికి దూరమవుతాయి. దీనికి విరుద్ధమైన పొరపాటు మరింత ప్రమాదకరం: చిరుతను పిల్లి అనుకుని సమీపించడం.

భారతదేశంలో సహజంగా నివసించే మార్జాల జాతులు 15. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి కునో జాతీయ ఉద్యానానికి తెచ్చిన చీతాలు వీటికి అదనం. ఫొటోను చూసే ముందే అది తీసిన ప్రదేశం తెలిస్తే ఈ జాబితా బాగా కుదించుకుపోతుంది. మంచు చిరుత హిమాలయాలు దాటి కిందికి రాదు. సింహం గుజరాత్‌లోని గిర్, దాని పరిసరాలకే పరిమితం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రధానంగా ఆలోచించాల్సినవి పులి, చిరుత, అడవిపిల్లి, తుప్పు రంగు మచ్చల పిల్లి, చిరుతపిల్లి, తీరప్రాంత మడ అడవుల్లో నీటిపిల్లి. కోరింగ అభయారణ్యం నీటిపిల్లికి ప్రసిద్ధ ఆవాసం. ఫొటో ఎక్కడిదో తెలియనప్పుడు గుర్తింపు సగానికి సగం ఊహే.

చాలామంది మొదట అడిగే ప్రశ్న ‘ఎంత పెద్దది?’ అని. నిజానికి మసక ఫొటోలో అతి తక్కువగా నమ్మదగినది పరిమాణమే. పక్కన కొలతకు అందే వస్తువు లేకపోతే, కెమెరాకు దగ్గరగా నిలిచిన నాలుగైదు కిలోల పిల్లి కూడా చిరుతంత కనిపిస్తుంది. కెమెరా స్థిరంగా ఉన్నదైతే ఒక ఉపాయం ఉంది. జంతువు నిలిచిన చోటే ఒక కొలబద్దను నిలబెట్టి, అదే కోణంలో మళ్లీ ఫొటో తీసి, రెండింటినీ పోల్చాలి. అది సాధ్యం కానప్పుడు నిష్పత్తులను నమ్ముకోవాలి. మసకలోనూ అవి మిగులుతాయి.

అన్నింటికంటే ముందు తోకను చూడాలి. చిరుత తోక పొడవైనది, తల నుంచి తోక మొదలు వరకు ఉండే శరీరంలో సగానికి మించి ఉంటుంది. నడిచేటప్పుడు దాని కొస తరచూ పైకి వంపు తిరిగి కనిపిస్తుంది. అడవిపిల్లి తోక పొట్టిది, వెనుక కాలి మడమ కీలు దగ్గరే ఆగిపోతుంది. కొసన నల్లగా ఉండి, దానికి ముందు కొన్ని నల్లని వలయాలు ఉంటాయి. తోక మొదలు నుంచి చివరి దాకా వలయాలుండి, ముఖం ముందుకు సాగినట్లుంటే అది బహుశా పిల్లే కాదు, పునుగు.

తరువాత చెవులు. పులి, నీటిపిల్లి, చిరుతపిల్లి చెవుల వెనుక తెల్లని మచ్చ స్పష్టంగా ఉంటుంది. అడవిపిల్లి చెవులు నిటారుగా ఉంటాయి, కొనల వద్ద చిన్న నల్ల కుచ్చులుంటాయి. ఆ కుచ్చులను చూసి కారకల్ అని పొరబడేవారు ఉన్నారు. కారకల్ కుచ్చులు చాలా పొడవు, తోకపై వలయాలు ఉండవు. పైగా మన దేశంలో అది ఇప్పుడు రాజస్థాన్, కచ్ ప్రాంతాల్లోనే అత్యంత అరుదుగా కనిపిస్తోంది. టర్కీ భాషలో ‘కారాకులాక్’, పారసీకంలో ‘సియాగోష్’ అన్నా అర్థం ఒక్కటే, నల్లచెవి. గుర్తింపు చిహ్నమే పేరైన సందర్భమిది.

ఆ అదృష్టం తెలుగు పేర్లకు అన్నిసార్లూ లేదు. ‘బావురుపిల్లి’ అంటే ఒకచోట ఊరి గండుపిల్లి, మరొకచోట అడవిపిల్లి, ఇంకొకచోట నీటిపిల్లి. తిరుమల శ్రీవారి సేవలో వాడే తైలంతో ప్రసిద్ధమైన పునుగుపిల్లి, తాటిచెట్లెక్కే మానుపిల్లి పేరుకే పిల్లులు. శాస్త్రీయంగా అవి వేరే కుటుంబానికి చెందినవి. చిరుతను చీతాగా రాయడం వార్తల్లో నేటికీ ఆగలేదు. చిరుత ఒంటిపై మచ్చలు గులాబీ రేకుల్లా గుంపులుగా ఉంటాయి. చీతావి నిండు చుక్కలు, కంటి నుంచి నోటి దాకా కన్నీటి చారల్లాంటి నల్లని గీతలు అదనం. బంగ్లాదేశ్‌లో నీటిపిల్లిని ‘మేఛో బాఘ్’, అంటే చేపల పులి అని పిలుస్తారు. పేరులో పులి ఉన్నందుకు ప్రాణాలు పోగొట్టుకున్న జంతువది. పశ్చిమ బెంగాల్‌కు అదే రాష్ట్ర జంతువు.

మచ్చలున్న చిన్న పిల్లుల మధ్య తేడా పట్టడమే అసలు కష్టం. నీటిపిల్లి బలిష్ఠంగా, పొట్టి కాళ్లతో, పొట్టి తోకతో ఉంటుంది. మచ్చలు వీపు వెంబడి వరుసల్లో సాగుతాయి. చిరుతపిల్లి సన్నగా, ఇంటి పిల్లి పరిమాణంలో ఉంటుంది. దాని తోకపైనా మచ్చలుంటాయి. తుప్పు రంగు మచ్చల పిల్లి ప్రపంచంలోని అతి చిన్న అడవి మార్జాలాల్లో ఒకటి. బరువు సుమారు కిలో నుంచి కిలోన్నర. దాని తోకపై మాత్రం గుర్తులు దాదాపుగా కనిపించవు.

రాత్రి ఫొటోల్లో రంగును సాక్ష్యంగా తీసుకోకూడదు. పరారుణ కాంతితో తీసిన చిత్రం నలుపు తెలుపుల్లోనే ఉంటుంది. ఆ కాంతిలో ఒక మేలు లేకపోలేదు, పగలు నల్లగా కనిపించే చిరుత ఒంటిపై దాగిన మచ్చలు బయటపడతాయి. కృత్రిమ మేధతో ఫొటోను ‘స్పష్టం’ చేయడం మాత్రం మేలు కంటే కీడే చేస్తుంది. ఆ సాధనాలు లేని వివరాలను ఊహించి నింపుతాయి. నీడ ఉన్నచోట మచ్చ మొలుస్తుంది. అదే మేధ లక్షల ఫొటోలను జాతులవారీగా వేరుచేయడంలో ఎంతో ఉపకరిస్తోంది. 2018 జాతీయ పులుల గణనలో 26,838 చోట్ల అమర్చిన కెమెరాలు దాదాపు 3.48 కోట్ల చిత్రాలు తీశాయి. వాటిలో పులులవి 76,651, చిరుతలవి 51,777. చారల అమరిక ఆధారంగా ఒక్కో పులినీ విడిగా గుర్తించగలిగారు.

ఇలాంటి ఫొటో చేతికి అందినవారు అటవీశాఖకు అసలు ఫైలునే పంపాలి. వాట్సాప్‌లో చేతులు మారే కొద్దీ స్పష్టత తగ్గుతుంది, తీసిన సమయం, స్థలం వివరాలు చెరిగిపోతాయి. ముందువెనుకల ఫ్రేములు ఉంటే అవీ కావాలి. ఒకదానిలో కనిపించని తోక మరొకదానిలో కనిపించవచ్చు. నేలపై పాదముద్ర ఉంటే పక్కన స్కేలు ఉంచి ఫొటో తీయాలి. పిల్లి జాతుల ముద్రలో నాలుగు వేళ్లే పడతాయి, గోళ్ల గుర్తులు సాధారణంగా ఉండవు. ఇవన్నీ చూశాక కూడా ‘చిన్న మార్జాలం, జాతి నిర్ధారణ కాలేదు’ అని అధికారి రాస్తే దాన్ని దాటవేతగా భావించనక్కరలేదు. కొన్ని ఫొటోలకు అంతకు మించి సమాధానం ఉండదు.